చెమ్మ తగలని సాక్ష్యం

ఆ ఉదయం హత్యకు గురైంది మనిషి కాదు. ఒక హార్డ్ డిస్క్.

విశాఖపట్నంలోని కోస్టల్ ఇంటెలిజెన్స్ సెల్ రికార్డు రూమ్‌కి ఏసీ మెకానిక్ వేషంలో వచ్చినవాడు టూల్ బాక్స్ తెరిచాడు. లోపల ఉన్నవి స్పానర్లు కావు, ఒక డీగాసర్. పక్కన పెట్టి స్విచ్ వేస్తే హార్డ్ డిస్క్‌లో రాసి ఉన్న సమస్తాన్నీ తుడిచిపెట్టే రాక్షస అయస్కాంతం. పని సగంలో ఉండగా అలారం మోగింది, వాడు పారిపోయాడు. గార్డులందరూ వాడి వెంటే పరుగెత్తారు, వెర్రివాళ్లు! అప్పటిదాకా మెట్ల కింద టీ తాగుతూ కూర్చున్న రెండోవాడు తాపీగా పైకి వెళ్లి, రూమ్‌లో పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీశాడు.

కాసేపటికే ఏజెంట్ లోవరాజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "మామయ్యకి సీరియస్. వెంటనే రా." ఆ మామయ్య పోయి చాలా ఏళ్లయింది. కాబట్టి సీరియస్‌గా ఉన్నది దేశం పరిస్థితి అని లోవరాజుకి అర్థమైంది. తాగుతున్న కాఫీ వదిలేసి బయల్దేరాడు.

అనకాపల్లి రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్‌లో చీఫ్ దుర్గాలక్ష్మి కూర్చుని ఉంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. మే నెల ఎండకి విసనకర్రతో విసురుకుంటూ, పక్కన కూర్చున్నవాడు తనకు ఏమీ కానట్టు గోడకేసి చూస్తూ మాట్లాడింది.

"హార్డ్ డిస్క్ పోయింది లోవరాజూ."

"అందులో ఏముంది మేడమ్?"

"ఒక మనిషి ప్రాణం."

మనిషి పేరు అప్పలరాజు. ఊరు పూడిమడక. కొన్నేళ్ల కిందట ఇంజిన్ చెడిపోయి సముద్రంలో నిలిచిపోయిన అతని బోటును పొరుగుదేశం నేవీ పట్టుకుపోయింది. తమ హార్బర్ ఫొటోలు తీయడానికి వచ్చిన గూఢచారి అని కేసు పెట్టింది. నిజానికి సరిహద్దు దాటింది వాళ్ల ఓడ. మన నీళ్లలోకి దొంగతనంగా వచ్చి, ఒక రబ్బరు పడవలో మనుషుల్ని దింపింది. అప్పలరాజు అది కళ్లారా చూశాడు. చూసినవాడిని ఉరి తీస్తే చూసిన సంగతి కూడా పోతుందని వాళ్ల లెక్క.

"ఆ రాత్రి మన తీరం టవర్ అంతా రికార్డ్ చేసింది," అంది చీఫ్. "రాడార్ గుర్తులు, వైర్‌లెస్‌లో అప్పలరాజు పెట్టిన కేక, అంతా. ఆ ఫైల్ డిజిటల్ వేలిముద్ర ఆనాడే అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కి ఇచ్చేశాం. ఒరిజినల్ రికార్డింగ్ అక్షరం మారకుండా చూపిస్తే వదిలేస్తారు. చివరి హియరింగ్ ఇవాళ నాలుగింటికి, వీడియోలో. చూపించలేకపోతే ఉరి ఖాయం."

"కాపీలు లేవా?"

చీఫ్ విసనకర్ర ఆపింది. "ఎందుకు లేవు? పూడిమడకలో డీవీడీలున్నాయి. ఉప్పుగాలికి పొర లేచిపోయి అప్పడాల్లా తయారయ్యాయి. ఒక ఆఫీసరు పెన్ డ్రైవ్‌లో పెట్టి సొరుగులో పడేశాడు. కరెంటు ముఖం చూడకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే దానికి గుర్తేముంటుంది? ఖాళీ. ఇంకో తెలివైనవాడు క్లౌడ్‌లో పెట్టాడు, ఆ కంపెనీయే మూతపడింది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టుంది మన దాచుడు."

"అయితే ఇంకేం మిగిలింది?"

"టేప్. మాగ్నెటిక్ టేప్. మన పాత ఇంజినీర్ చిన్నబాబు ఉండేవాడు, చాదస్తుడని అందరూ నవ్వేవాళ్లు. టేప్‌ని చల్లగా, పొడిగా ఉంచితే ముప్పయ్యేళ్లు పలుకుతుంది అనేవాడు. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా చల్లగా, పొడిగా ఉండే చోటేది?"

లోవరాజు ముఖం వెలిగింది. "బెల్లం కోల్డ్ స్టోరేజ్."

"చచ్చిపోయే ముందు నాకొక్కదానికే చెప్పాడు. చివరి ఛాంబర్లో, వాళ్ల బావమరిది బెల్లం వెనకాల. నువ్వు బరంపురం షావుకారు వేషంలో వెళ్లి తియ్యి. చదివే మెషిన్‌తో పావని వస్తుంది."

పావని పేరు వినగానే లోవరాజు మొదటిసారి చీఫ్ వైపు తిరిగాడు. డేటా రికవరీలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ కుట్ర నడుపుతున్న విదేశీ ముఠా పేరు 'సైలెన్స్'. ఆ ముఠా పావనిని తమ మనిషి అనుకుంటుంది. ఆమె మాత్రం అక్కడి కబుర్లు తెచ్చి మన సెల్‌కి ఇస్తుంది. డబుల్ ఏజెంట్.

"వాళ్లు ఆమెను తమ మనిషి అనుకుంటున్నారు. మనమూ అలాగే అనుకుంటున్నాం కదా మేడమ్?"

"వెటకారం తర్వాత. ఒక్కటి గుర్తుపెట్టుకో. సైలెన్స్ ఎప్పుడూ ఇద్దర్ని పంపుతుంది. మొదటి చెయ్యి నెమ్మదిగా పని కానిస్తుంది. అది తప్పితే రెండో చెయ్యి తగలబెడుతుంది. పొద్దున్న చూశాం కదా. నేను అప్పలరాజు పెళ్లాం నూకరత్నాన్ని తీసుకుని వస్తాను. ఆ గొంతు ఎవరిదో చెప్పడానికి ఇంటి మనిషి ఉండాలట. మారువేషంలోనే వస్తాలే."

పట్టు పంచె, మెడలో కండువా, వేళ్లకు మూడు గిల్టు ఉంగరాలు. లోవరాజు కోల్డ్ స్టోరేజ్ గేటు దగ్గర దిగేసరికి నిజం షావుకారే కాస్త అనుమానంగా తనను తాను చూసుకునేలా ఉన్నాడు. చొక్కా గుండీలో కెమెరా, చేతి గడియారంలో వేడినీ తేమనీ కొలిచే మీటరు. వాచ్‌మన్ అయ్యప్ప లేచి దండం పెట్టాడు.

"లాటు సూసుకుంటారా బాబూ? రండి రండి. లోన సలి, కండువా కప్పుకోండి."

ఆఫీసు గదిలో పావని అప్పటికే టేబుల్ మీద టేప్ డ్రైవ్ పెట్టుకుని కూర్చుని ఉంది. నీలం షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, గది నిండా సెంటు.

"పాకం ముదిరిందా?" అన్నాడు లోవరాజు. అది కోడ్.

"ఇంకా తీగ సాగుతోంది," అంది పావని. కోడ్ సరిపోయింది. "టైమ్ లేదు లోవరాజు గారూ. త్వరగా తీసుకురండి. నాకు సైనస్, ఆ చలిలోకి రాలేను."

ఛాంబర్ లోపల గోనెల్లో బెల్లం దిమ్మలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. చలికి పళ్లు టకటకలాడుతుంటే లోవరాజు చివరి వరుస వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెట్టె తగిలింది. విప్పి చూస్తే ఒకటి కాదు, ఒకే రికార్డింగ్ పేరు రాసిన రెండు టేపులు, రెండూ గాలి చొరకుండా సీలు చేసి ఉన్నాయి. వాటితో పాటే ఒక పాత టేప్ డ్రైవ్. చదివే మెషిన్ మార్కెట్లోంచి మాయమైపోతే టేప్ ఉండీ లాభం లేదని ఆ చాదస్తుడు మెషిన్‌ని కూడా దాచాడు! లోవరాజుకి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

రెండూ ఒకే చేతిలో ఉండకూడదు. అది ఈ వృత్తిలో మొదటి పాఠం. ఛాంబర్‌కీ బయటికీ మధ్య ఒక ముందు గది ఉంది, అంత చలీ కాదు, అంత వేడీ కాదు. రెండో టేపునీ డ్రైవునీ సీలు విప్పకుండా అక్కడ ఒక ఖాళీ గోనె కింద పెట్టాడు. ఒక్క టేపుతో ఆఫీసు గదిలోకి వచ్చాడు.

ఆ గదిలో ఉక్క. పావని చెయ్యి చాచి టేపు లాక్కున్నంత పని చేసింది. కత్తెరతో సీలు కత్తిరించింది.

"కాసేపు అలా కవర్లోనే ఉంచుదామా? మంచుగడ్డలా ఉంది," అన్నాడు లోవరాజు.

"చల్లగా ఉంటేనే టేప్‌కి మంచిది. నా సబ్జెక్ట్ నాకు వదిలేయండి."

ఆ మాట లోవరాజుకి తేడాగా తగిలింది. అతను పుట్టింది కశింకోట పక్క పల్లెలో, చెరకు గానుగల మధ్య. చిన్నప్పుడు మామయ్య వెంట ఇలాంటి కోల్డ్ స్టోరేజ్‌కే వచ్చేవాడు. చలిలోంచి తీసిన బెల్లం గోనెని ఈ ఊళ్లో ఎవడూ వెంటనే విప్పడు. ముందు గదిలో పడేసి, బయటి వేడికి అలవాటు పడేదాకా ముట్టుకోరు. తొందరపడి విప్పితే ఎండగాలి తగిలి దిమ్మంతా చెమ్మ పట్టి నీరుకారిపోతుంది. ఒక ఏడు తొందరపడి లాటంతా పోగొట్టుకున్న మామయ్య ఇంటికొచ్చి అన్నం తినలేదు.

బెల్లానికి పట్టే చెమ్మ టేప్‌కి పట్టదా? చెమ్మ పట్టిన టేప్‌ని మెషిన్‌లో తిప్పితే హెడ్‌కి అతుక్కుపోయి ముక్కలవుతుంది. ఈ సంగతి డేటా ఎక్స్‌పర్ట్‌కి తెలియదా?

ఒకవేళ నిజంగానే తెలియదేమో! తొందరలో ఉందేమో! లోవరాజు కళ్లార్పకుండా చూశాడు. టేపు పెట్టె మీద సన్నగా నీటి పొర కమ్మింది. పావని చటుక్కున అతని వైపు ఓ చూపు చూసి, చేతిరుమాలుతో ఆ తడిని తుడిచేసింది.

తెలుసు. ఆమెకి అంతా తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పొద్దున్న రికార్డు రూమ్ దారి చూపింది ఎవరో కూడా ఆ క్షణంలోనే తేలిపోయింది.

ఒక్క అడుగు వేసి ఆమె మణికట్టు పట్టుకోవచ్చు. లోవరాజు చెయ్యి లేచింది కూడా. అప్పుడే కిటికీలోంచి పెరటి వైపు చూశాడు. గోడ వారగా ఆగి ఉన్న వ్యాన్ పక్కన తెల్ల చొక్కావాడొకడు నిలబడి ఉన్నాడు. సైలెన్స్ ముఠాలో నితీష్ అనే ఆ ముఖం సెల్ ఫైల్స్‌లో ఎన్నోసార్లు చూసిందే. కాళ్ల దగ్గర రెండు పెట్రోలు డబ్బాలు. చూపు ఈ కిటికీ మీదే.

రెండో చెయ్యి. పావని తెల్లబోయిన ముఖంతో బయటికి వచ్చినా, అసలు రాకపోయినా, ఈ భవనం అంటుకుంటుంది. లోపల హమాలీలున్నారు. ముందు గదిలో గోనె కింద, ప్రపంచంలో మిగిలిన ఆఖరి కాపీ ఉంది.

నితీష్ వెళ్లిపోవాలంటే పని అయిపోయిందని పావని వాడికి చెప్పాలి. చెప్పాలంటే పని అయిపోవాలి.

లోవరాజు చెయ్యి దించేశాడు. ఒక మనిషి ప్రాణంలో సగాన్ని కళ్లముందే మంటలో వేస్తున్నట్టు అనిపించింది.

పావని టేపును డ్రైవ్‌లోకి తోసింది. మోటారు ఒకసారి తిరిగింది, మూలిగింది, కీచుమంది. తర్వాత ఏమీ లేదు. డ్రైవ్ మూత తీసి చూస్తే నల్లటి రిబ్బను కుచ్చులా ముడతలు పడి చుట్టుకుపోయి ఉంది.

"అయ్యో!" పావని కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకుంది. "పాత టేప్ కదా, తట్టుకోలేకపోయింది. ఐ యామ్ సో సారీ. వేరే కాపీ ఏమైనా...?"

"ఇదొక్కటే," అన్నాడు లోవరాజు, కుర్చీలో కూలబడి తల పట్టుకుంటూ. ఆ నటనలో సగం నటన కాదు.

పావని కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లింది. గుండీ కెమెరా పక్కనున్న మైకు పట్టిన ఆమె ఫోన్ మాట లోవరాజు ఇయర్‌పీస్‌లో సన్నగా వినబడింది. "పెళ్లి ఆగిపోయింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోవచ్చు." నితీష్ డబ్బాలు వ్యాన్‌లోకి ఎత్తాడు. పావని ముందు సీట్లో ఎక్కింది. వ్యాన్ హైవే వైపు తిరిగేదాకా ఆగి, లోవరాజు మైకులో సెల్ మనుషులకి ఒక్క మాట చెప్పాడు. "బైపాస్ దగ్గర ఆపండి. ఫోన్లు ముందు లాక్కోండి." చెప్పి ముందు గదిలోకి పరుగెత్తాడు.

టేపు కవరుకి ఆనించిన గడియారం మీటరు ఇంకా ఎరుపే చూపిస్తోంది. సీలు కవరు మీద చెమ్మ. విప్పడానికి లేదు. అవతల హియరింగ్ మొదలయ్యే టైమ్. ఎదురుచూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేని పని గూఢచారికి పెద్ద శిక్ష. తుపాకీ పేల్చడం నయం.

గేటు దగ్గర గొడవ వినబడింది.

"సేపల తట్టతో బెల్లం గొడౌన్లోకి ఏటమ్మా! ఎల్లండెల్లండి! దిమ్మలకి వాసనట్టుకుంటే మా షావుకారు నన్ను సంపేత్తాడు!" అయ్యప్ప కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

ఎదురుగా చేపలమ్మే మనిషి వేషంలో, నెత్తి మీద తట్ట వంకరగా పెట్టుకుని చీఫ్ దుర్గాలక్ష్మి. దేశంలోని రహస్యాలన్నీ తెలిసిన ఆవిడకి, బెల్లం ఉన్న చోటికి చేపని గుమ్మం కూడా తొక్కనివ్వరని తెలియదు. పక్కన నూకరత్నం. ముప్పయి దాటిన మనిషి, ఎండకి కందిపోయిన ముఖం, ఆ ముఖం నిండా భయం.

"నాను ముందే సెప్పేనమ్మా, ఈ యేసం వొద్దని. మీరు ఇన్నేదు," అంటూ నూకరత్నం చీఫ్ నెత్తి మీంచి తట్ట దింపింది. అమ్ముకుంటే ఆ పూట గడిచే వంజరాలు అందులో ఉన్నాయి. ఆలోచించలేదు. తట్టని రోడ్డు మీద బోర్లించేసింది. చేపల అడుగున ప్లాస్టిక్ సంచిలో చుట్టిన లాప్‌టాప్, శాటిలైట్ ఫోన్.

అయ్యప్ప కర్ర జారిపోయింది. "సేపల కింద కంప్యూటరేటి బాబూ!"

"మామా, దేశం పని. తలుపెయ్యి," అన్నాడు లోవరాజు.

ముందు గదిలో ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. లాప్‌టాప్ స్క్రీన్ మీద ట్రిబ్యునల్. మధ్యలో తెల్లజుట్టు ప్రిసైడింగ్ జడ్జి. ఒక మూల చిన్న గడిలో కటకటాల ముందు ఒక బక్కచిక్కిన మనిషి. నూకరత్నం ఆ గడిని వేలితో ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది, వేలు తగిలితే మనిషి మాయమైపోతాడేమో అన్నట్టు.

"మావ," అంది నెమ్మదిగా. "సిక్కిపోయేడు."

అవతలి దేశం లాయర్ లేచాడు. ముఖంలో ధీమా పొంగుతోంది. పెళ్లి ఆగిపోయిందన్న కబురు ఆయనకీ చేరినట్టుంది. "ఏదో రికార్డింగ్ ఉందని ఇన్నాళ్లూ చెప్పారు. ఉంటే ఈ నిమిషంలో చూపించమనండి. లేకపోతే తీర్పు చదవండి."

"భారత్ పక్షం సమాధానం?" అన్నాడు జడ్జి.

మన లాయర్ గొంతు సవరించుకుని, నీళ్లు తాగి, మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

మీటరు పసుపుకి వచ్చింది.

"పెట్టెయ్యి లోవరాజూ," అంది చీఫ్.

"వద్దు మేడమ్."

"వాళ్లు తీర్పు తీసేస్తున్నారయ్యా!"

"తొందరపడితే ఇది కూడా పోతుంది. ఇంక దీని తర్వాత ఏదీ లేదు."

నూకరత్నం లోవరాజు ముఖంలోకి చూసింది. "బాబూ, మీకు తెలిసే ఆగుతున్నారా? బయవేసి ఆగుతున్నారా?"

"తెలిసే ఆగుతున్నానమ్మా."

"అయితే ఆగండి," అని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

జడ్జి కాగితం తీశాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. ముద్దాయి అప్పలరాజు మీద మోపిన నేరాలు ఒక్కొక్కటీ ఇంగ్లీషులో దొర్లుతున్నాయి. మీటరు మీద ముల్లు ఒకసారి వణికి, పచ్చకి దిగింది. కవరు మీద చెమ్మ లేదు. లోవరాజు సీలు చింపి, చిన్నబాబు దాచిన డ్రైవ్‌కి వైరు తగిలించి, టేపు లోపలికి తోశాడు.

మోటారు మెత్తగా తిరిగింది. టేప్‌తో ఒక చిక్కుంది, కావలసిన చోటికి ఒక్క గెంతులో దూకలేదు. ఎక్కడో మధ్యలో ఉన్న ఫైల్‌ని వెతుక్కుంటూ మొదటినుంచి నడవాల్సిందే. జడ్జి చివరి పేజీ తిప్పాడు. చీఫ్ నోట్లో ఏదో దేవుడి పేరు. డ్రైవ్ తిరుగుతోంది, తిరుగుతోంది...

"దిస్ ట్రిబ్యునల్ దేర్‌ఫోర్ ఫైండ్స్..."

స్క్రీన్ మీద ఫైల్ తెరుచుకుంది. లోవరాజు సెండ్ బటన్ మీద గుద్దినంత పని చేశాడు.

"మై లార్డ్!" మన లాయర్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "వచ్చింది! ఒరిజినల్ వచ్చింది! వేలిముద్ర చూడండి!"

ట్రిబ్యునల్ కంప్యూటర్ పాత వేలిముద్రనీ కొత్తదాన్నీ పోల్చింది. అక్షరం పొల్లుపోలేదు. అవతలి లాయర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జడ్జి కాగితం పక్కన పెట్టి, వినిపించమన్నాడు.

ముందు సముద్రపు హోరు. తర్వాత కరకరమనే వైర్‌లెస్‌లో ఒక కుర్ర గొంతు.

"ఎవరన్నా ఇంతన్నారా? పూడిమడక బోటండీ! ఇంజిను సచ్చిపోనాది. పెద్ద ఓడొకటి లైట్లార్పీసి మన నీళ్లలోకి వచ్చీసింది. పడవ దింపుతన్నారు, మనుషులు దిగుతన్నారు. ఎవరన్నా ఇంతన్నారా?" కాసేపు హోరు. మళ్లీ అదే గొంతు, ఈసారి నెమ్మదిగా. "మా నూకరత్నానికి కబురెట్టండి. నాకోసం కూర దాసొద్దని, తినీమని."

నూకరత్నం రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆగలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "దాసేను మావా! పాసిపోయేదాకా దాసేను!"

ఆ గొంతు ఎవరిదని జడ్జి అడగనక్కరలేకపోయింది. రాడార్ గుర్తులు గొంతుతో పాటే నడిచాయి. ఎవరి ఓడ ఎవరి నీళ్లలోకి వచ్చిందో స్క్రీన్ మీద పిల్లలకి కూడా తెలిసేలా కనిపించింది. తీర్పు కాగితం చిరిగింది. అప్పలరాజు నిర్దోషి, తక్షణం భారత్‌కి అప్పగించాలి. మూల గడిలో ఉన్న బక్కమనిషి, అర్థమైందో లేదో, చేతులు జోడించి నిలబడిపోయాడు. లోవరాజు గోడకి చేరగిలి చాలాసేపటికి గుండెలనిండా ఊపిరి పీల్చాడు. చీఫ్ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, ఇదంతా చేపల ఘాటు అంది. బైపాస్ దగ్గర వ్యాన్ దొరికిందని, పావని నల్లకళ్లద్దాలు తీయడానికి కూడా ఒప్పుకోవడం లేదని ఇయర్‌పీస్‌లో కబురు వచ్చింది.

చీఫ్ మనసు కరిగిపోయి ఉంది. సంచిలోంచి కొత్త పెన్ డ్రైవ్ తీసింది. "ప్రభుత్వ రహస్యమే. అయినా ఫర్వాలేదు. మీ ఆయన గొంతు ఇందులో ఎక్కించి ఇస్తానమ్మా, దాచుకో."

"పెన్ డ్రైవ్ వద్దు మేడమ్," అన్నాడు లోవరాజు. "ఇస్తే టేపే ఇవ్వండి."

నూకరత్నం ఖాళీ తట్ట చంకన పెట్టుకుని లేచింది.

"మనిసే వత్తన్నాడు కదమ్మా, ఇంక గొంతు నాకెందుకు? అది మీరే దాసుకోండి. ఒక్కపాలి గడప తొక్కేడంటే, ఆ మనిసి నోరు మూయించడవే మా ఇంట్లో కట్టం."